ఇంటి విలువ కట్టువారు రాకముందు చేయవలసిన పని



ఇంటిని తనఖా పెట్టి ఋణము కోరు సభ్యునకు, ఆ యింటి విలువ తేలువఱకు పైకము చేతికి రాదు. కొందఱికిది కొలదిదినములలో ముగియును. కొందఱికి నెలలు గడచినను ముగియదు. ఆలస్యమైనపుడు నింద సాధారణముగ విలువ కట్ట వచ్చిన వానిపై పడుచుండును. మా యభిప్రాయము వేఱు. కాగితము ఒకటి చెప్పుచుండగా ఇల్లు మఱియొకటి చెప్పుటయే ఆలస్యమునకు ముఖ్యకారణము. ఈ రెంటిని ముందుగా సరిపోల్చి చక్కబెట్టుకొనుట సభ్యుని విధి. అందుకు తోడుపడుట సంఘము విధి.

ఇది స్వల్పవిషయము కాదు. వానలకు ముందు కప్పు వేసికొనవలసిన రైతునకు ఋణము సమయమునకు అందనిచో, అతడు ఊరి వడ్డీవ్యాపారి గడప త్రొక్కును. నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున రెండు లక్షలు తెచ్చినచో, మూడు నెలల ఆలస్యమునకు 18,000 రూపాయలు వడ్డీక్రిందనే పోవును. మఱియొక సంగతి. 2022 జూన్ నెలలో రిజర్వు బ్యాంకువారు గ్రామీణ సహకార బ్యాంకులు ఒక్కొక్కరికి ఈయదగిన గృహఋణ పరిమితిని హెచ్చించిరి. నికర ఆస్తి 100 కోట్లకు లోబడిన బ్యాంకులకు అది 20 లక్షలనుండి 50 లక్షలకును, తక్కినవానికి 30 లక్షలనుండి 75 లక్షలకును పెరిగెను. పైకము పెరిగినకొలది పరిశీలనయు గట్టిపడుట న్యాయమే కదా!

విలువ కట్టువారు మూడు విషయములను చూతురు. స్థలమెవరిది, ఎంత? కట్టడమెట్టిది, ఎన్నేండ్లది? అమ్మజూపినచో ఏమి పలుకును? మొదటి ప్రశ్నయొద్దనే మనవారిలో అనేకులు చిక్కుపడుచున్నారు. ఇంటిపన్ను రసీదు పన్ను చెల్లించుటకు సాక్ష్యమేగాని హక్కుపత్రము కాదు. పట్టాదారు పాసుపుస్తకము సాగుభూమికి సంబంధించినది. గ్రామకంఠములోని యింటికి అది చెల్లదు. సొంతపొలములో ఇల్లు కట్టుకొన్నవారు భూమిని వ్యవసాయేతరముగ మార్పించిన ఉత్తరువు చూపవలసియుండును. నూఱు రూపాయలును, అంతకు మించియు విలువగల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు కావలెనని చట్టము చెప్పుచుండగా, సాదాబైనామాపై కొన్న యింటిస్థలము బ్యాంకు యెదుట నిలుచుట దుర్లభము. ఇల్లు కీర్తిశేషుడైన తండ్రి పేరనే యున్నయెడల వారసులందఱి సమ్మతిని ముందే కూర్చుకొనవలెను. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకొన్న గోడలను బ్యాంకువారు గుర్తింపరు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినవి. 2018లో అనేక తండాలు వేఱు గ్రామపంచాయతీలైనవి. కావున పాతదస్తావేజులో వరంగల్లు జిల్లా, పాతమండలము, పాతయింటి నంబరు ఉండగా, నేటి రసీదులో అన్నియు వేఱుగ కనబడవచ్చును. ఇది ఎవరి దోషమును కాదు. అయినను రెండు నంబరులును ఒకే యింటివని పంచాయతీ కార్యదర్శిచే ధ్రువపత్రము పొందియుంచినచో, మఱల మఱల తిరుగు శ్రమ తప్పును.

కొలతయందును ఇట్లే జాగ్రత్త వలయును. గుంటకు 121 చదరపు గజములు. చదరపు గజమునకు 9 చదరపు అడుగులు. దస్తావేజులో 40 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు అని యున్నచో అది 200 గజములు. ప్రక్కగోడ రెండడుగులు లోనికి జరిగి వెడల్పు 38 అడుగులే తేలినయెడల, మిగులునది 190 గజములు. ఈ పది గజముల తేడా టేపు పట్టిననాడు బయటపడుటకంటె, ఇరుగుపొరుగువారి యెదుట మీరే ముందు కొలిచి తెలిసికొనుట మేలు. నాలుగు హద్దులలో పూర్వపు పొరుగువారి పేర్లే యున్నచో, ఇప్పటివారి పేర్లను ప్రక్కన వ్రాసియుంచుడు.

ధరవిషయమున వినికిడి మాటలు పనికిరావు. హైదరాబాదు బాటపైనున్న జనగామలో ఎవరో గజమునకింత పలికిరన్న మాట, లోపలి పల్లెలోని పెంకుటింటికి వర్తింపదు. మహబూబాబాదు జిల్లాలోని కొత్తగూడ, గంగారము వంటి ఏజెన్సీ మండలములలో, జనులు ‘1/70’ అని పిలుచు చట్టము గిరిజనేతరులకు స్థిరాస్తి బదిలీని నిషేధించుచున్నది. కొనువారు పరిమితులైనచోట ధరయు పరిమితమే. 2023 జూలై 27వ తేదీన భూపాలపల్లియొద్ద మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెను. 2024 సెప్టెంబరు మొదటితేదీన కేసముద్రముయొద్ద వరదకు రైలుకట్టయే కొట్టుకొనిపోయెను. అట్టిచోట్ల గోడపై నీటిచార యున్నదా యని చూచుట సహజము. సున్నము పూసి పగులును దాచినచో అనుమానము పెరుగును. మరమ్మతు చేయించి రసీదు చూపినచో నమ్మకము పెరుగును.

వారు వచ్చు దినమున గదులన్నియు తెఱచియుంచుడు. ధాన్యపు బస్తాలు, పత్తిమూటలు గోడలనుండి జరిపి టేపు సాగుటకు త్రోవ యిండు. ఇంటిసంగతి తెలిసిన పెద్ద ఒకరు దగ్గఱ నుండవలెను. దస్తావేజు, ఋణభార ధ్రువపత్రము, పన్ను రసీదు, కరెంటు బిల్లు, కట్టడపు అనుమతి, వీని నకళ్లు ఒక్క సంచిలో సిద్ధముగ నుండవలెను.

విలువను హెచ్చుగ వేయించుకొనవలెనను ఆశ కొందఱిలో గలదు. ఆ పైకము సంఘములోని తోటిరైతుల పొదుపు. లేనివిలువపై ఇచ్చిన ఋణము తీఱనిచో, ఇల్లు అమ్మినను బాకీ మిగులును. ఋణగ్రస్తుడు గూడును పోగొట్టుకొని అప్పులోనే నిలుచును. నిజమైన విలువయే ఇరువురికిని రక్షణ.

సంఘములకును మా విన్నపమొకటి. కావలసిన పత్రముల జాబితాను తేటతెలుగున వ్రాసి కార్యాలయపు గోడకు అంటింపుడు. దరఖాస్తును పైకి పంపకమునుపే కార్యదర్శి పత్రములను పరీక్షించి, లోపములన్నిటిని ఒక్కమాఱే వ్రాతమూలముగ తెలుపవలెను. నేడొకటి, రేపొకటి అడుగుచు సభ్యుని కూలిదినములు పోగొట్టుట సహకారధర్మము కాదు. ఎండకాలమున పొలముపని తక్కువగానున్న దినములలో, ఊరూర ఒకరోజు పత్రపరీక్షకై కేటాయించినచో, వానలు వచ్చునప్పటికి మనవారి కప్పులు సిద్ధమగును.