ఉప్పు తగినంత

ఇరవైమూడేళ్లు వచ్చేదాకా నాకు అన్నం వండటం రాదు. ఆ మాట చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. డిగ్రీ చదివే రోజుల్లో, 1980ల చివర, స్త్రీల సమస్యల మీద సభలకి వెళ్లొచ్చిన ఉత్సాహంలో "నేను వంటింట్లో కాలు పెట్టను" అని ఇంట్లో ప్రకటించాను కూడా. అమ్మ నవ్వి ఊరుకుంది. "నువ్వు చదువుకోవే, నా బతుకు నీకొద్దు" అనేది ఎప్పుడూ. ఆ ప్రకటన చేసిన పూట కూడా నా కంచంలో అన్నం పెట్టింది ఆవిడే. ఆ సంగతి నాకు తట్టటానికి ఇంకో ఐదేళ్లు పట్టింది.

1993లో ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్లాను. విద్యానగర్‌లో ఒక ఇంటి వెనక ఒంటి గది దొరికింది. మాంసం వండకూడదు, రాత్రి తొమ్మిది దాటితే గేటు తియ్యరు, ఇవీ షరతులు. గ్యాసు కోసం పేరు రాయించుకుని ఏళ్లు ఎదురుచూడాలి. రేషన్ కార్డు అడిగితే పెళ్లి కాని ఒంటరి ఆడపిల్ల వాళ్ల లెక్కలో కుటుంబం కాదన్నారు. (2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం, పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దామెనే రేషన్ కార్డులో ఇంటి పెద్దగా చూపాలంది. నాకది ఇరవయ్యేళ్లు ఆలస్యంగా వచ్చింది.) చేసేది లేక కిరోసిన్ బ్లాకులో కొని, వత్తుల స్టవ్వు వెలిగించాను.

స్టవ్వు అంటే నాకు నిజంగానే భయం. ఆ రోజుల్లో పేపరు తిప్పితే చాలు, 'స్టవ్వు పేలి గృహిణి మృతి' అని ఎక్కడో ఒక మూల ఉండేది. మూడేళ్లు ఆ స్టవ్వు మీద వండాను. మసి పట్టింది, పొగ చూరింది, వత్తులు కిందికి జారిపోయాయి. పేలలేదు. ఎదురు గదిలో ఇద్దరు కుర్రాళ్లుండేవారు, వాళ్ల పంపు స్టవ్వూ పేలలేదు. స్టవ్వులకి కోడళ్ల మీదే ఎందుకంత కోపమో పోలీసులు అడగవలసినన్ని సార్లు అడగలేదు.

ఇక వంట. వారపత్రికల్లో వచ్చే వంటల పేజీలు కత్తిరించి పెట్టుకున్నాను. మాలతీ చందూర్ 'వంటలు పిండివంటలు' కొన్నాను. ఎంతోమంది కొత్త కాపురాలకి దారి చూపించిన పుస్తకం అది. అయినా మొదటి నెల ఏడుపొచ్చింది. 'ఉప్పు తగినంత' అని ఉండేది ఆ పేజీల్లో. తగినంత అంటే ఎంత? 'దోరగా వేయించి' అంటే ఏ రంగు వచ్చేదాకా? 'పచ్చివాసన పోయేవరకు' అన్నారు, పచ్చివాసన ఏదో తెలిస్తే కదా పోయిందో లేదో తెలిసేది! ఎనిమిదో ఏటినుంచి అమ్మ పక్కన నిలబడి చూసినవాళ్ల కోసం రాసిన మాటలవి. చూడనివాళ్లకి అదొక పరాయి భాష.

ఒక ఆదివారం పప్పుచారు చేద్దామని కందిపప్పు, టమాటాలు, చింతపండు అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి ఎక్కించాను. రెండు గంటలైంది. కిరోసిన్ అయిపోతోంది, పప్పు మాత్రం రాళ్లలాగే ఉంది. షావుకారు పాత పప్పు అంటగట్టాడని తిట్టుకున్నాను. ఇంటి ఓనరు గారు మూత తీసి చూసి, "పులుపు ముందే పోస్తే పప్పెక్కడ ఉడుకుతుందమ్మాయ్? ఆ మాత్రం తెలీదూ?" అన్నారు.

తెలీదు. తెలియకపోవటానికి నేను ఆడదాన్ని కాకపోవటం కారణం కాదు, ఎవరూ చెప్పకపోవటం కారణం. పప్పు మెత్తబడ్డాకే పులుపు పడాలన్నది తెలుసుకోవలసిన విషయం, లెక్కల్లో సూత్రం లాంటిది. వంట ఆడవాళ్లకి పుట్టుకతోనే వస్తుందని మనకి నూరిపోసిన మాట అబద్ధమని ఆ రోజు ఆ గిన్నె ముందు కూర్చుని అర్థం చేసుకున్నాను. ఏ పుస్తకం చదివినా నాకంత గట్టిగా తలకెక్కలేదు. పుట్టుకతో రాని పని నాలుగు నెలల్లో నాకు వచ్చిందంటే ఎదురు గది కుర్రాళ్లకీ వస్తుంది. వాళ్లకి ఆ అవసరం ఎవరూ కల్పించలేదు, అంతే.

వాళ్లు అన్నం ఒక్కటి పడేసుకుని కూరలు కర్రీ పాయింటులో కొనుక్కునేవాళ్లు. "పాపం, పిల్లలు ఏం తింటున్నారో" అని ఓనరు గారు అప్పుడప్పుడూ సాంబారు పంపేవారు. ఒకరోజు ఒంట్లో బాగాలేక నేనూ ఓ పొట్లం వంకాయ కూర తెచ్చుకున్నాను. "ఆడపిల్లవై ఉండి కూరలు కొనుక్కుంటావా?" అన్నారు. అదే కొట్టు, అదే వంకాయ. అక్కడ గల్లా దగ్గర మగాయన కూర్చునేవాడు, వెనక పొగలో ఇద్దరు ఆడవాళ్లు కలియబెడుతుండేవారు. నలపాకం, భీమపాకం అని పేర్లు మాత్రం మగవాళ్లవి.

1997లో అమ్మ బావి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. నేను చేరేసరికి నాలుగు రోజులైంది. నాన్న, తమ్ముడు మూడు రోజులు హోటలు నుంచి తెప్పించుకుని, హోటలు తిండి పడటం లేదన్నారట. నాలుగోరోజు అమ్మ సిమెంటు కట్టుతో స్టూలు మీద కూర్చుని చారు పెడుతోంది. తమ్ముడికప్పుడు పాతికేళ్లు, ఇంజనీరు. "వాడికేం తెలుస్తుందే" అని అమ్మే వెనకేసుకొచ్చింది. నాకు వాడి మీద వచ్చినంత కోపం నా మీదా వచ్చింది. పాతికేళ్లకి వంట రాకపోవటం వాడికి హక్కులాగా అమరింది. నాకది తిరుగుబాటులాగా కనిపించింది. ఇద్దరి కంచాల్లోకీ అన్నం వచ్చింది మాత్రం ఒకే మనిషి చేతిమీదుగా. నేను కాలు పెట్టనన్న వంటింట్లోంచి అమ్మ ఒక్కపూటైనా బయటికి రాలేదు.

అందుకే, 'ఆడపిల్లలకి వంట నేర్పొద్దు' అని మన స్నేహితులు కొందరు అంటుంటే నాకు సగమే ఒప్పుదల. అత్తవారింటి కోసం నేర్పొద్దు, నిజమే. కానీ వండటం మానేసిన ప్రతి మనిషి వెనకా వండిపెట్టే మరో మనిషి ఉంటుంది. చాలాసార్లు ఆవిడ అమ్మ, కాకపోతే నెలకింత అని కుదుర్చుకున్న వంటామె. లెక్కలు కావాలన్నవాళ్లకి లెక్కలూ ఉన్నాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 97. ఆ తొంభై ఏడైనా ఆ పని ముట్టుకునే మగవాళ్లదే, వాళ్లు నూటికి ఇరవైఆరుగురే. 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెలనే ఎత్తిచూపి, గృహిణి చేసే పనికి విలువ కట్టాలన్నారు. మంచిదే. అయితే ఆ విలువ ఆమె చనిపోయాక, లారీ గుద్దాక, కోర్టులో తేలాల్సి రావటం ఏమిటి?

నా కొడుక్కి పన్నెండో ఏట వంట మొదలుపెట్టించాను. 'తగినంత' అనకుండా, చెంచా చూపించి చెప్పాను. మా అత్తగారు నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు వాడు బెంగుళూరులో ముగ్గురు స్నేహితులతో ఉంటున్నాడు, బాగా వండుతాడు. చుట్టాలొస్తే "ఎంత బాగా పెంచావు!" అని నన్నూ, "బంగారం" అని వాడినీ పొగుడుతారు. ముప్ఫై ఏళ్లుగా రోజూ రెండు పూటలా వండుతున్న నన్ను చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాడికి ఆ పొగడ్త ఇష్టం కూడాను, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైగా వాడి వంటంతా ఆదివారం బిర్యానీ. రేపటికి పెరుగు తోడుపెట్టటం, బియ్యంలో పురుగు చూసుకోవటం, ఉప్పు అయిపోయిందని గుర్తుపెట్టుకోవటం ఇంకా వాడి లెక్కలో వంట కాదు.

మొన్న ఫోన్ చేసి, "అమ్మా, బిర్యానీకి బియ్యం ఎంతసేపు నాననివ్వాలి?" అన్నాడు.

"అరగంట. పోయినవారం గిన్నెలు ఎవరు తోమారు?" అన్నాను.

కాసేపు పలకలేదు. తర్వాత, "పనమ్మాయి సోమవారం వస్తుందిగా" అన్నాడు.

"అయితే ముందు అవి తోమేసి ఫోన్ చెయ్యి, మసాలా సంగతి అప్పుడు చెప్తాను" అన్నాను. ఆ ఆదివారం ఫోన్ రాలేదు. తర్వాతి ఆదివారం వచ్చింది.