కల్లంలో దొరికే వ్యాకరణం

మిరపకాయలు కోసి, కల్లంలో ఎండబోసి, తాలుకాయలు ఏరి, బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు పంపుతారు. సాగర్ కుడికాలువ కింద నకరికల్లు మండలంలో ఏ ఐదో తరగతి పిల్లను అడిగినా ఈ మాట తడుముకోకుండా చెబుతుంది. అందులో నాలుగు అసమాపక క్రియలున్నాయి, చివర ఒక్క సమాపక క్రియ ఉంది, కర్త పైకి కనబడకుండానే వాక్యమంతా నడిచింది. అదే పిల్లను 'అసమాపక క్రియ అంటే ఏమిటమ్మా?' అని అడగండి. బిక్కమొహం వేస్తుంది, లేదంటే నిర్వచనం గడగడా అప్పజెప్పి ఉదాహరణ దగ్గర ఆగిపోతుంది. నోట్లో ఉన్న వ్యాకరణానికీ పుస్తకంలో ఉన్న వ్యాకరణానికీ మధ్య మెట్టు కట్టడం ప్రాథమిక బడి చేయవలసిన పని. పిల్లలు తీసిన ఫొటోలు, వాటితో వాళ్ళు జట్లుగా కూర్చుకునే స్లైడ్‌షోలు ఆ మెట్టు కాగలవు.

ఈ లోటు నిన్న మొన్నటిది కాదు. 1858లో వచ్చిన చిన్నయసూరి 'బాలవ్యాకరణం' సంజ్ఞతో మొదలై సంధిలోకి వెళ్తుంది. క్రియ ఎనిమిదో పరిచ్ఛేదం దాకా రాదు. వాక్యానికి విడిగా పరిచ్ఛేదమే లేదు. పేరులో బాల ఉన్నా అది పసిపిల్లల కోసం రాసింది కాదు, తన పని తాను గొప్పగానే చేసింది. ఆ వరసను చిన్న తరగతుల దాకా దించడమే తప్పు. వాక్యాన్నే పట్టుకుని పరీక్షించిన చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' 1975లో వచ్చింది. ఆ చూపు ఇప్పటికీ ఊరి బడి నల్లబల్ల దాకా చేరలేదు. పాఠ్యపుస్తకాల్లో అభ్యాసాలు మెరుగయ్యాయి, నిజమే. పరీక్ష దగ్గరికొచ్చేసరికి మాత్రం 'గీత గీసిన పదం ఏ భాషాభాగం?' అన్నదే మిగులుతోంది.

ఫొటో ఇక్కడ ఏం చేస్తుంది? కెమెరా ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది. అందుకే ఒక ఫొటో చూపిస్తే పిల్లలు దాదాపు ఎప్పుడూ ఒకే సమాపక క్రియతో వాక్యం చెబుతారు. నలుగురైదుగురిని ఒక జట్టు చేసి, టీచరు ఫోన్‌తోనే కల్లం దగ్గర, కాలువ గట్టు మీద, అడ్డరోడ్డులో ఫొటోలు తీయించాలి. అందులోంచి ఆరు ఏరుకుని, ఒక్కోదానికి ఒక్క వాక్యం రాయాలి. 'అత్త కాయలు కోస్తోంది.' 'నాన్న కాయలు ఎండబోస్తున్నాడు.' ఇంతవరకూ సులువే. అసలు పాఠం ఆ తర్వాత మొదలవుతుంది. స్లైడ్‌షో ఆడుతుంటే రెండేసి ఫొటోలకు కలిపి ఒక్క వాక్యమే చెప్పాలన్నది షరతు. 'అత్త కాయలు కోసి నాన్న ఎండబోశాడు' అని ఒక జట్టు రాస్తే పక్క జట్టు ఊరుకోదు. ఎందుకు తప్పో చెప్పలేకపోయినా తేడా చెవికి తెలిసిపోతుంది. 'కోశాక' అని ఒకరు, 'కోస్తే' అని ఇంకొకరు దిద్దుతారు. అత్తే కోసి అత్తే ఎండబోస్తే మాత్రం 'కోసి' అన్నది అడ్డు లేకుండా నిలబడుతుంది. 'కోసి' లాంటి క్త్వార్థకానికీ దాని వెనక వచ్చే క్రియకూ మామూలుగా కర్త ఒకరే ఉండాలన్న సూత్రాన్ని ఆ పిల్లలే కనిపెట్టారన్నమాట. టీచరు ఇక పేరు చెబితే చాలు. రెండు స్లైడ్లు తారుమారు చేస్తే క్రియలూ తారుమారవుతాయి. ట్రాక్టరు తోలుతూ ఫోన్ మాట్లాడే మనిషి ఒక్క ఫొటోలోనే రెండు పనులు చేస్తుంటాడు కనుక అక్కడ 'తోలి' కుదరదు, 'తోలుతూ' అనాల్సిందే. తెలుగు వాక్యం బలమంతా ఇలా క్రియలను గొలుసుకట్టడంలో ఉంది. అది చూపించడానికి స్లైడ్‌షోకు మించిన సాధనం నాకు తెలియదు.

ఇంకో నాలుగు ఫొటోలు పక్కపక్కన పెట్టించండి. ఒక ఆడమనిషి, ఒక గేదె, ఆడవాళ్ళ గుంపు, గేదెల మంద. 'వచ్చింది' అన్న మాట మొదటి రెంటికీ సరిపోతుంది. గుంపు దగ్గరికి రాగానే దారులు విడిపోయి 'వచ్చారు', 'వచ్చాయి' అవుతాయి. ఆడవాళ్ళను చెప్పే మహతీవాచకం ఏకవచనంలో ఒక పక్కకు, బహువచనంలో మరో పక్కకు చేరే ఈ వింతను బట్టీ పెట్టించనక్కర్లేదు. పిల్లలు చూస్తారు, చూసి ఎందుకని అడుగుతారు. అలా అడిగించగలిగితే పాఠం సగం అయినట్టే.

కెమెరాకు చేతకానివీ ఉన్నాయి. నీళ్ళు వదలని రోజుల్లో కాలువ ఫొటో తీస్తే అందులో మట్టి కనబడుతుంది, పగుళ్ళు కనబడతాయి. 'నీళ్ళు లేవు' అన్నది ఫొటోలో ఎక్కడా ఉండదు, అది చూసేవాడి నోట్లో పుడుతుంది. 'నీళ్ళు రాలేదు', 'వస్తే నాట్లేస్తాం', 'వచ్చినా చివరి చేలకు అందవు' — వ్యతిరేకార్థకం, చేదర్థకం, అప్యర్థకం వేటినీ ఏ లెన్సూ పట్టలేదు. ఈ పద్ధతి లోపంగా కొందరు దీన్ని ఎత్తిచూపవచ్చు. నాకు మాత్రం ఇక్కడే దాని విలువ కనిపిస్తుంది. బొమ్మ చెప్పలేనిదాన్ని భాష ఎలా చెబుతుందో పదేళ్ళ పిల్లలకు ఇంతకంటే దగ్గరగా చూపలేం.

పిల్లల చేతికి కెమెరా ఇచ్చి రాత నేర్పడం ప్రపంచానికి కొత్త కాదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ వెండీ ఇవాల్డ్ 1970ల్లోనే అపలాచియా కొండ ఊళ్ళలో ఈ పని చేశారు. గుజరాత్‌లోని విచ్యా అనే పల్లెలోనూ పిల్లలతో పనిచేసి, 1996లో దాని మీద పుస్తకం తెచ్చారు. ఆ పని వ్యాకరణం కోసం చేసింది కాదు, కానీ తాను తీసిన ఫొటో గురించి పిల్లకు చెప్పడానికి ఎంత ఉంటుందో చూపింది.

మన దగ్గర సరంజామాకు కొదవ లేదు. ప్రభుత్వ బడులను బాగుచేయడానికి 2019 నవంబరు 14న మొదలైన నాడు–నేడు పథకం తర్వాతి దశల్లో చాలా ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. వాటిలో ఎవరో తయారుచేసిన వీడియోలు ఆడుతుంటాయి. నామవాచకం నిర్వచనాన్ని బొమ్మ రంగులేసుకుని చెప్పినా అది నిర్వచనమే. టీవీకి ఒక పెన్‌డ్రైవ్ తగిలిస్తే పిల్లల స్లైడ్‌షో ఆడుతుంది, నెట్ అక్కర్లేదు. ఇక ఫోన్ సంగతి. మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్న భోజనం ఫొటోలు యాప్‌లలో ఎక్కించే పని కొన్నేళ్ళపాటు మన టీచర్ల నెత్తిన పడింది. అధికారులకు రుజువు చూపడానికి వాడిన కెమెరాను పాఠానికి వాడుకునే హక్కు వాళ్ళకు ఉండాలి.

ఒకే టీచరు ఐదు తరగతులూ చూసే బడుల్లో ఇదెలా కుదురుతుందని అడగవచ్చు. అక్కడే ఎక్కువ కుదురుతుంది. అదే ఫొటోకు ఒకటో తరగతి పిల్ల పేరు చెబుతుంది, మూడో తరగతి పిల్లాడు వాక్యం చెబుతాడు, ఐదో తరగతి వాళ్ళు వాక్యాలు కలుపుతారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా పిల్లలకు బొమ్మ ముందు ఉండటం మరీ అండ. జాగ్రత్తలూ ఉన్నాయి. ఫోన్ టీచరుదై ఉండాలి, మనుషుల ఫొటో అడగకుండా తీయకూడదు, పిల్లల ముఖాలు బడి దాటి వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు.

కొత్త పథకం, కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి. ప్రాజెక్టు పేరుతో దుకాణంలో కొన్న చార్టు అంటించడం మానిపించి, తెలుగు వరకైనా ఆ మార్కులను జట్టు స్లైడ్‌షోకు ఇవ్వాలి. నకరికల్లు మండలంలో టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక బడి పిల్లలు రాసిన వాక్యాలను ఇంకో బడి టీచర్లు చూడాలి. ఏ బడిలో 'కోసి' రాశారో, ఏ బడిలో 'కోశాక' రాశారో, ఎందుకు రాశారో అక్కడ మాట్లాడుకోవాలి. వచ్చే మిరప కోతల నాటికి ఇది మొదలుపెట్టవచ్చు.