చీర్‌ఫాడ్ భయంతో హక్కును దఫన్ చేయకండి



నిరుడు టోలిచౌకిలో మా గల్లీ చివర లేస్తున్న బిల్డింగ్ పరంజా మీంచి ఒక మేస్త్రీ పడి చనిపోయాడు. పాలమూరు నుంచి వచ్చినవాడు, ఇద్దరు పిల్లల బాప్. పోలీసులకు ఎవరూ ఫోన్ చేయలేదు. "చీర్‌ఫాడ్ ఎందుకు బేటా, మయ్యత్‌కు తక్లీఫ్" అన్నారు ఒక బుజుర్గ్. కాంట్రాక్టర్ కఫన్ దఫన్ ఖర్చు పెట్టుకుని, పైన ఇరవై వేలు ఇచ్చాడు. అసర్ తర్వాత జనాజా. నేనూ కాంధా ఇచ్చాను. నోరు మాత్రం విప్పలేదు.

ఇప్పుడు ఆ బేవా పరిహారం అడిగితే "పని మీదే పోయాడని సబూత్ ఏదమ్మా?" అంటున్నారు. ఎఫ్ఐఆర్ లేదు, పంచనామా లేదు, పోస్టుమార్టం లేదు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923లోనే వచ్చింది. వందేళ్ల హక్కును మనం ఒక్క పూటలో మట్టిలో కలిపాం.

మయ్యత్‌ను నొప్పించకూడదన్న హదీస్ నాకూ తెలుసు. కానీ మౌత్ కారణం తేలాల్సిన కేసుల్లో పోస్టుమార్టం జాయజ్ అని మక్కా ఫిఖ్ అకాడమీ 1987లోనే చెప్పింది. యతీముల హక్కు పోగొట్టడం ఏ మస్లక్‌లో జాయజ్? కాంట్రాక్టర్ సాబ్‌కు హదీస్ గుర్తొచ్చేది ఇలాంటప్పుడే, లేబర్‌కు హెల్మెట్ ఇవ్వాల్సినప్పుడు కాదు.

అయితే జనం భయం ఉత్తది కాదు. మా ఖాలూ యాక్సిడెంట్‌లో పోయినప్పుడు, మగ్రిబ్ దాటిందని మయ్యత్‌ను మర్నాడు జొహర్ దాకా ఇవ్వలేదు. ఖాలా మార్చురీ గేటు బయట ఫుట్‌పాత్ మీద తస్బీ తిప్పుతూ కూర్చుంది. ఎస్సై ఎప్పుడొస్తాడో, డాక్టర్ ఎప్పుడొస్తాడో చెప్పే దిక్కు లేదు. (పక్కన ఫిల్మ్‌నగర్ సినిమాల్లో రిపోర్టు ఒక్క సీన్‌లో చేతికొస్తుంది!) సౌకర్యాలున్న చోట రాత్రి కూడా పోస్టుమార్టం చేయొచ్చని కేంద్రం 2021 నవంబరులోనే చెప్పింది. హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద కేసుల వంటివాటికి మినహాయింపు. మామూలు రోడ్డు ప్రమాదానికి ఏం అడ్డు?

2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా పోతే మంత్రులొచ్చారు, డీఎన్ఏ పరీక్షలు చేశారు, కోటి రూపాయల పరిహారం ప్రకటించారు. ఒక్కడు పరంజా మీంచి పడితే ఎవరొస్తారు? ఆ ఒక్కడి పేరు కాగితం మీదకు ఎక్కించాల్సింది మనమే. పంచనామాకు చట్టం అడిగేది ఆ చుట్టుపక్కల ఇద్దరు పెద్దమనుషులనే. మసీదు కమిటీలు ఆ ఇద్దరిని పంపాలి. మన వైపు ఫ్రీజర్లు, గుసుల్‌కు నీళ్లు, కూర్చోవడానికి నీడ ఉన్న మార్చురీ కావాలని ఎమ్మెల్యేను, కార్పొరేటర్‌ను ఓటు అడగడానికి వచ్చినప్పుడే నిలదీయాలి.

ఆ బేవా తరఫున గవాహీ ఇస్తానని చెప్పాను. జనాజాలో ఆ రోజు నాలుగు సఫ్‌లు నిండాయి. ఇంకో ఇద్దరు ముందుకు రండి.