చవక బండి – ఖరీదైన రిపేరు

కామాటిపురాలోని మా బావమరిది పెద్ద విదేశీ కారొకటి కొన్నాడు, సెకండ్ హ్యాండుది. కొత్తదైతే డెబ్భై లక్షలట, ఇతనికి పన్నెండుకే దొరికింది! చాల్‌లో అందరికీ పేడాలు పంచాడు.

నెల తిరక్కుండానే ఒకనాటి ఉదయం బండి ఒక మూల కుంగి కూర్చుంది. ఇటువంటి కొన్ని బండ్లకు ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి సంచులుంటాయి. రబ్బరు పాతబడితే గాలి కారుతుంది. ఆ లోటు పూడ్చలేక కంప్రెసరూ కాలిపోతుంది. అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన రెండు లక్షలూ అందులోనే పోయాయి. పాత బండైనా, సామానుకు కొత్త ధరే గదా!

కొనదలచినవారు బండిని రాత్రంతా నిలిపి, తెల్లారి నాలుగు మూలల ఎత్తూ కొలవండి. మా దాదర్ హిందమాతా వంటి చోట వాననీట మునిగిందేమో, లోపలి తివాచీ ఎత్తి చూడండి.

మావాడు ఆఫీసుకు ఇప్పటికీ లోకల్లోనే పోతున్నాడు.