గోడమీది కాగితము

మేము గుమాస్తాలము. పైనుండి వచ్చిన ప్రకటనలను ఆఫీసు గోడమీది పలకకు అంటించుట మా పనులలో ఒకటి. కొన్నేళ్ళ క్రిందట అట్లే ఒక కాగితము అంటించినాము. కొరాపుట్, రాయగడ జిల్లాలలోనిదే ఆ ఊరు, పేరు చెప్పము. బజారు వీధిని వెడల్పు చేయబోతున్నారనీ, అభ్యంతరములు ఉన్నవారు ముప్పది దినములలో వ్రాసి ఇయ్యవలసినదనీ దాని సారాంశము. పైన ఒడియాలో ‘బిజ్ఞప్తి’ అని శీర్షిక, క్రింద ఇంగ్లీషు. నెల తిరిగినది. ఎవరూ రాలేదు. ‘అభ్యంతరములు ఏవియు రాలేదు’ అని ఫైలులో మా చేతితోనే వ్రాసి పైకి పంపినాము. అందులో అబద్ధమేమియు లేదు.

ఆ వీధి మొదట చింతచెట్టు క్రింద ఒకామె ఇడ్లీలు వేసేది. మన తెలుగామె. ఆమె మామగారి నాడే సాలూరు వైపు నుండి ఘాటీ ఎక్కి వచ్చిన కుటుంబము. ఒడియా మనకన్న ధారాళముగా మాట్లాడును గాని ఏ భాషలోను అక్షరము రాదు. ఆమెను ‘అప్పా’ అని పిలిచేవారము. ఏళ్ళ తరబడి ఆమె దగ్గర టిఫిను చేసియే ఆఫీసుకు పోయేవారము. కాగితము అంటించిన ఉదయము కూడ చేసినాము. ఆమెకు చెప్పలేదు. చెప్పకూడదని కాదు, తోచలేదు. చెట్టు కొట్టిన నాడు ఆమె మమ్మల్ని నిష్ఠురమాడలేదు. “బాబూ, ఆ కాగితం మీ ఆపీసు గోడకే అంటించినారట కదా?” అని మాత్రము అడిగినది.

వీధి వెడల్పయినది. దానితో లారీల వేగము పెరిగినది. నడిచేవారికి మునుపు చెట్టు నీడన ఉన్న జాగా పోయి, ఇప్పుడు మూతలేని కాలువ గట్టు మిగిలినది. సంతనాడు చూడవలెను! కొండలమీది నుండి కోందు, పరజ ఆడవారు తలమీద గంపలతో వరుసగా ఆ గట్టుమీదనే వత్తురు. కాగితము ఒడియాలో ఉంటే మన అప్పకు చదువరాదు, సరే. కువి, దేశియా మాట్లాడే ఈ ఆడవారి మాటకు ఆ గోడమీద చోటే లేదు. వీధిలో ఎక్కువగా నడిచేది మాత్రము వారే.

ఇట్లు కాక మరొక విధముగా చేసినవారున్నారా అని విచారించగా, మనవారి పేరు పెట్టుకొన్న వీధియే ఒకటి కనబడినది. చెన్నపట్టణములో త్యాగరాయనగరు పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరుమీద వెలసినది. అక్కడి పానగల్ పార్కు, రాజా పానగల్ రామారాయణింగారి పేరుమీద. త్యాగరాయ రోడ్డును పాండీ బజారనియు అందురు. పండుగ ముందు అక్కడ గుడ్డలు కొన్న మన కుటుంబములు ఎన్నో ఉండును. నడిచేవారికీ సైకిళ్ళకూ ముందు చోటు అనే విధానమును చెన్నై కార్పొరేషను 2014లో అంగీకరించినది. ఆ తరువాత ఈ వీధిని మార్చదలచినప్పుడు, తవ్వకముందే కొన్ని దినములు బండ్లను ఆపి, అడ్డులు పెట్టి, రేపటి వీధి ఇట్లుండునని జనమునకు చూపినారు. బేరములు పోవునని దుకాణదారులు భయపడినారు. ఆ మాటా విన్నారు. 2019 నవంబరులో కొత్త వీధి తెరచినారు. బండ్లు పూర్తిగా పోలేదు, వాటి భాగము తగ్గినది. కాలిబాటలు విశాలమయినవి, కూర్చొనుటకు బల్లలు వచ్చినవి.

మాకు నచ్చినది ఆ ‘ముందు చూపుట’. ప్లాను కాగితము ఇంజనీర్లకు తప్ప ఎవరికి అర్థమగును? రోడ్డుమీద తాడు కట్టినచో అందరికీ అర్థమగును. మన ఇండ్లలో ఆడవారు చుక్కలు పెట్టి చూచుకొన్న తరువాతనే కదా ముగ్గు గీత గీయుదురు.

అయితే అక్కడా ఒక సంగతి ఉన్నది. పాండీ బజారు కాలిబాటమీద అమ్ముకొనేవారిని 2013లోనే ఒక అంతస్తుల భవనములోనికి పంపివేసినారు. వీధిని గురించి జనమును అడిగేనాటికి వారు వీధిలో లేరు. అడిగినారన్న మాట వినగానే సంతోషింపక, ఎవరిని అడిగినారని కూడ చూడవలెనని అప్పటి నుండి మా బుద్ధికి తట్టుచున్నది.

మన అప్ప వంటివారికి చట్టములో కుర్చీ లేకపోలేదు. 2014 వీధి వర్తకుల చట్టము ప్రకారము పట్టణ విక్రయ సంఘములో కనీసము నూటికి 40 మంది వర్తకులు తామే ఎన్నుకొన్న ప్రతినిధులుగా ఉండవలెను. వారిలో మూడవ వంతు ఆడవారు. సర్వే పూర్తికాక ముందు ఎవరినీ లేపరాదనియు అందులో ఉన్నది. కాలిబాట మాటకు వచ్చినచో, ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారు కనీసము 1.8 మీటర్లు, అనగా దాదాపు ఆరడుగుల అడ్డులేని వెడల్పు చెప్పినారు; అంచు ఎత్తు అరఅడుగు మించరాదన్నారు. మా అత్తగారు మోకాళ్ళతో ఆ అరఅడుగే ఎక్కలేరు. మా ఊళ్ళో కొన్నిచోట్ల అది మోకాలెత్తు ఉన్నది! ఈ సంగతులన్నీ మా ఆఫీసు అలమరలోని పుస్తకములలోనే ఉన్నవి. చెట్టు పోయిన తరువాత గాని మేమూ తెరచి చూడలేదు.

గత నెల మరొక కాగితము వచ్చినది. బస్సులు ఆగే చోట కాలువ, రోడ్డు పని. అప్ప ఇప్పుడు అక్కడనే తాటాకు పందిరి క్రింద ఇడ్లీలు వేయుచున్నది. ఈసారి కాగితము పలకకు అంటించి, ప్రతి ఒకటి తెలుగులో వ్రాసుకొని పోయి, టిఫిను తినకముందే చదివి వినిపించినాము. పక్కనున్న జోళ్ళు కుట్టే ఆయనకు ఒడియాలో మళ్ళీ చెప్పినాము. గంపలు దించిన ఆడవారికి ఆయన దేశియాలో చెప్పినాడు. వారిలో ఒక ముసలామె లేచి, ఎండలో గంప దించుకొనుటకు తన నడుము ఎత్తున ఒక అరుగు కావలెనని చేతితో కొలత చూపినది. మాకు జన్మలో తోచని మాట అది.

అప్ప అడిగినది కొళాయి ఎటు పోవునని. కాలువకు మూత ఉండవలెననియు, దాటే చోట లారీలు నెమ్మదించునట్లు రోడ్డు కొంచెము ఎత్తు చేయవలెననియు చెప్పినది. మేము ఒడియాలో అర్జీ వ్రాసినాము. అరుగు సంగతి మొదట వ్రాసినాము. పదునాలుగు వేలిముద్రలు, మూడు సంతకములు పడినవి.

మరునాడు పదకొండు గంటలకు అప్పయే దానిని పట్టుకొని ఆఫీసు మెట్లెక్కి మా బల్ల దగ్గరకు వచ్చినది. మేము ముఖము ఎరుగనివారి వలెనే అందుకొని, పుస్తకములో వరుస సంఖ్య వేసి, తేదీ ముద్ర కొట్టి, రశీదు చింపి ఇచ్చినాము. ఆమె దానిని మడిచి కొంగున ముడివేసుకొన్నది.