కేజీఎఫ్ నల్లగా ఉండదు

నలుపు తెలుపు ఫిల్ము మీద ఫోటోలు తీయడం నేర్చుకోవాలనే కుర్రవాళ్లకు మా కోలార్ వైపు ఒక సలహా చెబుతున్నారు. మీడియం ఫార్మాట్ కెమెరా ఒకటి సంపాదించు, రాబర్ట్‌సన్‌పేట దాటి సైనైడ్ దిబ్బల దగ్గరికి పో, లెన్సుకు ఎర్ర ఫిల్టరు తగిలించు, మీటరు చెప్పినట్టు నొక్కు, ప్రింటు బాగా నల్లగా తియ్యి, గనుల విషాదం దానంతటదే వస్తుంది అని. ఇందులో ఒక్క ముక్క కూడా నిలవదు. నేర్చుకునేవాణ్ణి చెడగొట్టే సలహా ఇది. ఊరికీ అన్యాయం చేస్తుంది.

ముందు నలుపు సంగతి. 2018లో వచ్చిన కేజీఎఫ్ సినిమా చూసినవాళ్లకు ఈ కోలార్ బంగారు గనుల ఊరంటే మసి, బొగ్గు. సినిమా కల్పన, దాని రంగులు దాని ఇష్టం. ఇది మాత్రం బొగ్గుగని కాదు. జాన్ టేలర్ కంపెనీ 1880లో అడుగుపెట్టిన నేల ఇది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి చాంపియన్ రీఫ్‌లో మనుషులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి రాయి తవ్వారు. ఆ రాతిని పిండి చేసి, సైనైడ్ నీళ్లలో బంగారాన్ని కరిగించి లాగేశాక మిగిలిన పొడి ఈ దిబ్బలు. పాలిపోయిన బూడిద రంగు. మిట్టమధ్యాహ్నం చూస్తే తెలుపే.

మీటరు బోల్తా పడేది ఆ తెలుపు దగ్గరే. తనకు ఎదురైంది ఏదైనా నడిమి బూడిదే అనుకుని లెక్క కడుతుంది మీటరు. తెల్లటి దిబ్బను చూపిస్తే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించమంటుంది. నా మొదటి రీలులో అదే జరిగింది. పాత షెడ్డు చూరు కింద, నీడలో, గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను నిలబెట్టాను. వెనక దిబ్బ. మీటరు మాట విని నొక్కాను. ఫిల్ము కడిగి దీపానికి ఎదురుగా పట్టుకుంటే ఆయన ముఖం ఉండాల్సిన చోట నెగటివ్ గాజులా ఖాళీగా ఉంది. ప్రింటులో దిబ్బ బురదరంగు, మనిషి నల్లటి మచ్చ. తీసుకెళ్లి చేతిలో పెడితే, "దీంట్లో నేను యాడున్నాను నాయనా?" అన్నాడు.

ఆ మాటకు జవాబు కెమెరా సైజులో లేదు. 120 రీలు మీద చదరపు నెగటివ్ 56 మిల్లీమీటర్లు, 35 ఎంఎం నెగటివ్‌కు మూడున్నర రెట్లకు పైగా వైశాల్యం. వాన కోసిన సన్నటి గాడులు కూడా అందులో పడతాయి, నిజమే. కానీ వెలుతురు తగలని చోట వెండి నిలవదు. లేనిదాన్ని ఎంత పెద్ద నెగటివ్ అయినా ఎక్కడి నుంచి తెస్తుంది? నీడకు సరిపడా వెలుతురివ్వాలి, తెలుపును కడిగేటప్పుడు కాచుకోవాలి. దిబ్బ ఫ్రేము నిండా ఉంటే మీటరు చెప్పినదానికి ఒకటిన్నర, రెండు స్టాపులు పెంచండి. లేదా మనిషి ఉన్న నీడలోనే మీ అరచేతిని మీటరుకు చూపి, ఒక స్టాపు పెంచండి.

ఎర్ర ఫిల్టరు ఇంకా చెరుపు చేస్తుంది. ఎండలో నీడలకు వచ్చే కాస్త వెలుతురూ నీలాకాశం నుంచే. ఎర్ర గాజు ఆ నీలాన్ని మింగేస్తుంది. ఆకాశంతో పాటు గాడులూ చూరు కింది ముఖాలూ మునిగిపోతాయి. లేత పసుపు ఫిల్టరు చాలు.

కడగడం కూడా ఇక్కడ తేలిక కాదు. డెవలపర్ పట్టికలు 20 డిగ్రీలకు రాసినవి. వేసవిలో మా కుళాయి నీళ్లు అంత చల్లగా రావు. వేడి నీళ్లలో అదే సమయం ఉంచితే తెలుపు గడ్డకట్టి దిబ్బ సున్నపుగోడ అయిపోతుంది. ఐస్ ముక్కల బేసిన్‌లో డబ్బా పెట్టుకోవాలి. (పంతొమ్మిదో శతాబ్దంలో తడి గాజుపలకల మీద ఫోటోలు తీసినవాళ్లలో చాలామంది మిగిలిన వెండి లవణాలను కరిగించడానికి పొటాషియం సైనైడే వాడేవారు. ఈ ఊళ్లో నిలబడి హైపో కలిపేటప్పుడల్లా నాకది గుర్తొస్తుంది.)

"120 రీలులో పన్నెండే షాట్లు కాబట్టి ఆలోచన తానే వస్తుంది" అన్న మాట కూడా వింటున్నాను. రాదు. ఒకప్పుడు ఇళ్లలో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలోనూ పన్నెండే పడేవి. పని వచ్చింది స్టూడియోవాళ్లకు. ఎందుకంటే తాము తీసిన రీలు తామే కడిగి, ఎక్కడ తప్పిందో తడి నెగటివ్ మీదే చూసుకునేవాళ్లు. పన్నెండింటికీ వెలుతురు లెక్క పుస్తకంలో రాసుకోకపోతే పదమూడోది కూడా గుడ్డిదే.

తెలిసి నల్లగా తీసేవాళ్లతో నాకు తగాదా లేదు. తెలియనివాళ్లకు అదే పద్ధతని చెప్పడంతోనే తగాదా. ఈ దిబ్బల పక్కన ఇప్పటికీ మనుషులు కాపురాలు చేస్తున్నారు. వాళ్లను నీడలుగా మార్చే హక్కు మనకు ఎవరిచ్చారు?

రెండోసారి పెద్దాయనను అదే చూరు కింద నిలబెట్టి, ఈసారి చెయ్యి చూసి లెక్క కట్టాను. ప్రింటులో ముఖం మీది ముడతలన్నీ వచ్చాయి. వెనక దిబ్బ కూడా గాడులతో సహా నిలిచింది. కానీ కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. ఫోటో పాడైందేమోనని నేను నసిగాను.

"ఇంకో దిబ్బ వైపుకు మొగం పెట్టి నిలబెడితివి కదా," అన్నాడు, "ఆ తెలుపు కండ్లు తెరవనిస్తుందా?"