రొమ్ములో వ్యాధి ఉండగా చంకలో కోత ఎందుకు?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ నిశ్చయమైన ఇళ్లలో తరచుగా వినవచ్చే ప్రశ్న ఇది. గడ్డ రొమ్ములో ఉండగా చంకలో కత్తి పెట్టడం దేనికని భర్తలు సందేహిస్తారు. అక్కడ కదిలిస్తే వ్యాధి ఒళ్లంతా పాకుతుందని పెద్దవారు భయపడతారు. ఆ భయంతో ఆపరేషన్‌ను వాయిదా వేసి, ఒక లేపమో కషాయమో ఇవ్వమని నన్ను కోరేవారూ ఉన్నారు. గురుకుల పద్ధతిలో ఆయుర్వేదం అభ్యసించి, అరవై దాటిన వైద్యునిగా నా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా చెప్పడం నా ధర్మం. చంకలోని గ్రంథిని పరీక్షించడం అదనపు కోత కాదు. అనవసరమైన పెద్ద కోతను తప్పించగల చిన్న కోత. దానికి బదులుగా పనికివచ్చే లేపం నా వద్ద లేదు. మరే వైద్యుని వద్దా లేదు.

మన శరీరంలో రక్తనాళాలతో పాటు శోషరసమనే తేట ద్రవాన్ని మోసే సన్నని నాళాలు కూడా ఉన్నవి. రొమ్ము నుండి బయలుదేరే శోషరసంలో అధిక భాగం చంకలోని గ్రంథులను చేరుతుంది. చేతికి పుండు పడితే చంకలో బిళ్ల కట్టడం అందరూ ఎరిగినదే. ఆ బిళ్ల ఈ గ్రంథియే. ఒక్కొక్క చంకలో ఇవి సాధారణంగా 20 నుండి 30 వరకు ఉంటాయి. క్యాన్సర్ కణాలు రొమ్మును దాటినప్పుడు తరచుగా పట్టే త్రోవ ఇదే. చేతితో తడిమినా, స్కానింగ్ చేసినా సూక్ష్మమైన వ్యాప్తి తెలియకపోవచ్చు. గ్రంథిని తీసి సూక్ష్మదర్శినితో చూచినప్పుడే నిర్ధారణ అవుతుంది. కోత వ్యాప్తిని కలిగించదు. ఉన్న వ్యాప్తిని చూపుతుంది.

పూర్వం ఈ చికిత్స అతి కఠినంగా ఉండేది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో విలియం హాల్‌స్టెడ్ 1894లో ప్రకటించిన పద్ధతి ప్రకారం రొమ్మును, దాని క్రింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను ఒక్కటిగా తొలగించేవారు. కాలక్రమాన కండరాలను విడిచిపెట్టినా, చంకను ఖాళీ చేయడం మాత్రం చాలాకాలం కొనసాగింది. అలా చేయించుకున్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి చేయి వాస్తుంది. భుజం పట్టివేయడం, చేయి తిమ్మిరెక్కడం కూడా కద్దు. వ్యాధి నయమైనా నీళ్ల బిందె ఎత్తలేక, జాకెట్టు చేయి పట్టక బాధపడే సోదరీమణులను నేను చూస్తూనే ఉన్నాను.

ఈ బాధను తగ్గించడానికే 1990ల ఆరంభంలో అమెరికాలో డేవిడ్ క్రాగ్, అర్మాండో గిలియానో వంటి శస్త్రవైద్యులు క్రొత్త మార్గం చూపారు. రొమ్ములోకి నీలిరంగు మందునో, స్వల్ప రేడియోధార్మికత గల ద్రవాన్నో ఎక్కిస్తారు. అది శోషరసం వెంట సాగి చంకలో ముందుగా చేరే గ్రంథినే సెంటినెల్ గ్రంథి, అనగా కాపలా గ్రంథి అంటారు. ఊరిలోకి వచ్చేవాడు ముందుగా పొలిమేర కావలివాని కంటబడినట్లు, వ్యాధి కూడా ముందుగా ఇక్కడనే పట్టుబడుతుంది. సాధారణంగా ఒకటి నుండి మూడు గ్రంథులు మాత్రమే తీస్తారు. అవి నిర్మలంగా ఉంటే తక్కినవాటిని ముట్టరు. అప్పుడు చేతి వాపు వచ్చేది సుమారు 20 మందిలో ఒకరికి మాత్రమే.

ఇది ఊహ కాదు. ఇటలీలోని మిలన్‌లో ఉంబెర్టో వెరొనేసి బృందం 516 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన 2003లో, అమెరికాలో 5,611 మందిపై జరిగిన పరిశోధన 2010లో ఈ మార్గం సురక్షితమని నిరూపించాయి. గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చేవారిలో ఒకటి రెండు కాపలా గ్రంథులకు వ్యాధి సోకినా, చంక అంతా ఖాళీ చేయనక్కరలేదని 2011లో తేలింది. రెండు సెంటీమీటర్లకు మించని గడ్డ ఉండి, చంక స్కానింగ్‌లో నిర్మలంగా ఉన్న కొందరికి ఈ చిన్న పరీక్ష కూడా అవసరం లేకపోవచ్చునని 2023లో వెలువడిన ఫలితాలు తెలుపుతున్నవి. అయితే చంకలో వ్యాధి ముందే నిర్ధారణ అయినవారి మార్గం వేరు. వారిలో కొందరికి పూర్తి తొలగింపు తప్పదు.

సుశ్రుతుడు నిదానస్థానంలో అర్బుదాన్ని వర్ణించి, ఒక అర్బుదంపై మరొకటి పుట్టడాన్ని అధ్యర్బుదమని పేర్కొన్నాడు. శేషం మిగిలిన అర్బుదం త్వరగా తిరిగి వస్తుందని చికిత్సాస్థానంలో హెచ్చరించాడు. శస్త్రకర్మలలో ఏషణం, అనగా వెదకి చూచుట, ఒకటిగా లెక్కించాడు. కాపలా గ్రంథి సుశ్రుతునికి తెలుసునని నేననను. కాని శల్యసాధ్యమైన వ్యాధిని లేపంతో కప్పిపెట్టమని ఆ మహర్షి బోధించలేదని మాత్రం రూఢిగా చెప్పగలను. గడ్డపై పసుపు ముద్దలు, ఆకుల కట్లు వేసి నెలలు గడపడం ఆయుర్వేదం కాదు.

కావున గృహిణులు ఆపరేషన్‌కు ముందే శస్త్రవైద్యుని కొన్ని విషయాలు అడగాలి. నాకు కాపలా గ్రంథి పరీక్ష సరిపోతుందా? ఆ వసతి ఇక్కడ ఉన్నదా? పూర్తి తొలగింపు అవసరమంటే కారణమేమి? ఆపరేషన్ జరుగుతుండగానే ఇచ్చే ఫలితానికి, కొన్ని రోజుల తర్వాత వచ్చే పూర్తి రిపోర్టుకు ఒక్కొక్కసారి భేదం రావచ్చునని కూడా తెలిసి ఉండాలి. వాడుతున్న చూర్ణాలు, గుగ్గులు మాత్రలు, పసుపు గుళికలు ఏవీ దాచక చెప్పాలి. కొన్ని రక్తస్రావాన్ని పెంచవచ్చు. రంగుమందు వల్ల ఒకటి రెండు రోజులు మూత్రం నీలంగానో ఆకుపచ్చగానో వచ్చినా భయపడనక్కరలేదు.

ఆపరేషన్ తరువాత వైద్యులు చెప్పిన భుజం వ్యాయామాలు మానరాదు. వాచిన చేతికి సొంతంగా వేడి కాపడాలు, గట్టి మర్దనాలు చేయించరాదు. చేయి ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు వైద్యునికి చూపాలి. లఘువైన ఆహారం, నిద్ర, ఆకలి నిలబెట్టే పథ్యం విషయంలో మావంటి వైద్యుల సాయం తీసుకొనవచ్చు.

రొమ్ములో గాని చంకలో గాని గడ్డ తగిలితే, నొప్పి లేదు గదా అని ఊరుకొనకండి. ఈ వ్యాధి మొదట చాలామందిలో నొప్పి లేకుండానే వస్తుంది. ముందుగా వెళ్లినవారికి కోత చిన్నదవుతుంది. ఆలస్యం చేసినవారికి చిన్న కోతతో పోయే అవకాశమే చేజారిపోవచ్చు.